చెరువులో ఆకాశము

విజయనగరమున పెద్దచెరువు గట్టుమీద వేకువనే నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. గాలి లేచువరకు చెరువు అద్దము. లేచిన పిమ్మట వట్టి నీరు. సముద్రము దూరము కాదు గనుక ఎండ ముదిరిన కొలది అటునుండి గాలి లోపలికి వీచును. కావున బయట కూర్చుండి నీటిరంగులతో బొమ్మ వ్రాయువానికి చిక్కు గడువు నాలుగైదు గడియలే.

ఆ కొద్దివేళలో అతడు తరచుగా చేయు పొరపాటొకటి కలదు. గట్టుమీది తాటిచెట్టును తలక్రిందులుగా నీటిలోనికి దించి, ప్రతిబింబము కుదిరినదని తృప్తిపడును. నీరు అట్టి నకలు వ్రాయదు. మన కన్ను నీటికి ఎంత ఎత్తున నున్నదో అంత లోతునుండి పైకి చూచు మరియొక కంటికి కనబడు దృశ్యమే ప్రతిబింబము. అందుచేతనే గట్టునకు వెనుకగా నున్న గుడి మనకు నిండుగా కనబడుచున్నను, నీటిలో శిఖరము మాత్రమే మిగులవచ్చును. గోడలు గట్టుచాటున పోవును. తాటిమట్టల అడుగుభాగము బొమ్మలో కంటె నీటిలోనే ఎక్కువగా కనబడవలెను.

రంగుల సంగతి మరింత సున్నితము. నీటిలో తెలుపు కొంత మాయును, నలుపు కొంత తేలికపడును. నిట్టనిలువుగా క్రిందికి చూచినప్పుడు నూటికి రెండుపాళ్ల కాంతి మాత్రమే నీటిపైనుండి మరలివచ్చును. చూపు ఏటవాలైన కొలది ఆ పాలు పెరుగును. కాళ్లచెంత బురద, ఆవలియొడ్డున ఆకాశము కనబడుట ఇందువలననే. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన చంద్రశేఖర వేంకటరామన్, 1921లో ఓడపై పోవుచు మధ్యధరా సముద్రపు నీలిమను పరీక్షించెను. నికోల్ పట్టకముతో పైతళుకు నణచి చూచినను నీలిమ పోలేదు. అది ఆకసపు నీడ మాత్రమే కాదు, నీరే కాంతిని చెదరగొట్టుచున్నదని ఆయన నిర్ణయించెను. చిత్రకారుడును నీటికి స్వంతరంగు గలదని మరువరాదు. వానకాలమున ఎఱ్ఱమట్టి కలిసిన చెరువు తనలోని నీలాకాశమును గూడ మట్టివైపునకు లాగును.

పని తీరు చెప్పుట సులభము, చేయుట కష్టము. కాగితము తడిగా నుండగనే నీడలను నిలువు గీతలుగా క్రిందికి దింపవలెను. ఆరిన పిదప, గాలి తాకినచోట అడ్డముగా ఒకటి రెండు లేతగీతలు. మూడవది బొమ్మను చెరుచును.

ఈ సీమకు చిత్రకారుల కరవు లేదు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్య, మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరికి శిష్యుడై విజయనగరమున పెక్కుమందికి కళ నేర్పిన అంత్యాకుల పైడిరాజు అఖిలాంధ్రమునకు తెలిసినవారు. అయినను ఇరువురి మనసును ప్రధానముగా మనుష్యరూపముల మీదనే నిలిచినది. ఒకరికి పురాణస్త్రీలు, మరియొకరికి పల్లెపడుచులు. గోదావరికి దామెర్ల రామారావు దొరకెను. నాగావళి తీరపు చెరువులకు అట్టి కుంచె ఇంకను రావలసియే యున్నది.

వచ్చునాటికి చెరువులుండవలెను గదా. ఇండ్ల మురుగు చేరినచోట గుర్రపుడెక్క అల్లుకొనును. నీటిమీద పచ్చని చాప పరచినట్లగును. తాటిచెట్టు గట్టుతోనే ఆగిపోవును.