కళాశాలలో విజ్ఞానగోష్ఠి



కళాశాలకు బంపిన పిల్లలు పాఠములు వల్లింపక పరిశోధన యనుచు కాలము గడపుట యెందులకని కొందఱు పెద్దలు నన్నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. నాకు దోచిన సమాధానమును మనవిచేసెదను.

విజ్ఞానగోష్ఠిలో బి.యస్సి. విద్యార్థులు తాము చేసిన శోధనను కొలది నిమిషములలో సభకు వివరింతురు. కొందఱు పటముపై వ్రాసి గోడకు దగిలించి, దానిచెంత నిలిచి చెప్పుదురు. పిమ్మట ప్రశ్నలు మొదలగును. అసలు పరీక్ష యదియే.

పేడనీట నానిన వరివిత్తనములు ఎక్కువగ మొలచునని యొక విద్యార్థి చెప్పెననుకొనుడు. మంచినీట నానినవానిలో నెన్ని మొలిచినవి? రెండు రాసులును ఒకే గాదెలోనివా? ఎన్నేసి గింజలను లెక్కించితివి? అని సభవారడుగుదురు. పదేసి గింజలే చూచినచో ఒకటి రెండు మొలకల భేదము యాదృచ్ఛికము కావచ్చును. వందలకొలది గింజలను పలుమార్లు చూచినగాని మాట నిలువదు.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగనే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1928లో తొలి పరిశోధనవ్యాసమును ప్రకటించెను. 1929లో లండను రాయల్ సొసైటీవారి పత్రికలో మఱియొకటి వెలువడెను. నక్షత్రములనుగూర్చిన కృషికి 1983లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

అందఱును చంద్రశేఖరులు కాజాలరు. కాని నలుగురిలో ప్రశ్నలకు నిలిచినవాడు, తెలియనిదానిని తెలియదని యొప్పుకొన నేర్చును. క్రొత్త యెరువో, మందో యమ్మజూపువాడు ఊరికి వచ్చినపుడు ఋజువేదియని యడుగగలుగును. ఆ యొక్క ప్రశ్న యూరివారి ధనమును, ఒక్కొక్కతఱి ప్రాణమును గాపాడును.

కావున సెలవులకు వచ్చిన మీ మనుమనినో, మనుమరాలినో చెంత గూర్చుండబెట్టుకొని, నీవేమి శోధించితివి, అది నిజమని యెట్లెఱిగితివి అని యడుగుడు. ఓపికతో వినుడు.