టవర్ అందని చోట డ్రోన్

హొసకోటెలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడొకడు నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం. ముళబాగిలు దాటాక కొండల్లో ప్రీవెడ్డింగ్ షూట్ ఒకటి ఒప్పుకున్నాడు. బయలుదేరడానికి ముందు రోజు వచ్చి అడిగాడు: "అన్నా, ఆడ సెల్ సిగ్నల్ ఉండదంట. నెట్ లేకుంటే డ్రోన్ లేస్తాదా? గాల్లో ఉన్నప్పుడు నెట్ పోతే కింద పడిపోతాదా?"

అతని భయం అర్థమయింది. రిమోట్‌కు ఫోన్ తగిలిస్తాడు, బొమ్మంతా ఆ ఫోన్‌లోనే చూస్తాడు. ఫోన్‌లో నెట్ పోతే ఆటో దొరకదు, డబ్బు కట్టడం కుదరదు, దారి తెలియదు. డ్రోన్ కూడా అంతే కాబోలు అనుకోవడం సహజం.

మాటలతో చెబితే నమ్మకం కుదరదని ఊరి బయట రాగులు కోసేసిన చేనికి తీసుకెళ్లాను. చెరువు దగ్గర ఎగరేద్దామన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. దక్షిణ పినాకిని నీళ్లతో నిండే హొసకోటె చెరువుకు ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి. వాటి మీద డ్రోన్ తిప్పడం తప్పు, షాట్ ఎంత బాగా వచ్చినా తప్పే. చేలో నిలబడి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టమన్నాను. మొబైల్ డేటా పోయింది, సెల్ సిగ్నల్ పోయింది. డ్రోన్ మామూలుగానే లేచింది, గాల్లో కదలకుండా నిలిచింది, బొమ్మ పంపింది, వెనక్కి రమ్మంటే లేచిన చోటికే వచ్చి దిగింది. తేడా ఒక్కటే. తెరమీద మ్యాప్ ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు కనిపించాయి.

ఎందుకు లేచిందో తెలియాలంటే ఈ యంత్రం ఎలా పుట్టిందో చెప్పాలి. దూరం నుంచి రేడియోతో యంత్రాన్ని నడపడం సెల్‌ఫోన్ కంటే చాలా పాత విద్య. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చిన్న పడవను తీగ లేకుండా తిప్పి చూపించాడు. నాలుగు రెక్కల చట్రాల హెలికాప్టర్ ఆలోచనా పాతదే. 1907లో ఫ్రాన్స్‌లో బ్రెగే సోదరులు, ప్రొఫెసర్ రిషే కలిసి అలాంటిదొకటి కట్టారు. అది నేల నుంచి కాస్త లేచింది గానీ ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది. 1922లో అమెరికా సైన్యం కోసం డి బోతెజా కట్టిన యంత్రం గాల్లో నిలిచింది గానీ, దాన్ని అదుపు చేయడం పైలట్‌కు తలకు మించిన పని అయింది. నాలుగు రెక్కలున్న యంత్రం క్షణక్షణం ఒరగాలని చూస్తుంది. దాన్ని సరిచేసే వేగం మనిషి చేతికి లేదు.

ఆ నలుగురు మనుషుల పని ఇప్పుడు కందిపప్పు బద్దంత చిప్ చేస్తోంది. అందులో కంటికి ఆనని సిలికాన్ ముక్క అదురుతూ ఉంటుంది. డ్రోన్ తిరిగితే ఆ అదురు పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడును కొలిచి ఎంత తిరిగిందో లెక్కకడతారు. డ్రోన్ మెదడు సెకనుకు వందల సార్లు ఈ లెక్క చూసి, ఏ మోటార్ వేగం పెంచాలో, దేన్ని తగ్గించాలో నిర్ణయిస్తుంది. ఇలాంటి చిప్పులు కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం, వీడియో గేముల కోసం, ఫోన్ల కోసం కోట్లలో తయారై చవకయ్యాయి. 2006లో వచ్చిన నింటెండో వీ ఆట పరికరం విడిభాగాలను విప్పి, వాటితో ఇంట్లోనే డ్రోన్లు కట్టుకున్న ఔత్సాహికులున్నారు. డ్రోన్‌ను నిలబెట్టేది ఈ చిప్పే. ఈ పనిలో మొబైల్ టవర్‌కు పాత్ర లేదు.

మరి నెట్ కావాలన్న అపోహ ఎక్కడిది? 2010 జనవరిలో పారట్ అనే ఫ్రెంచి కంపెనీ ఐఫోన్‌తో నడిచే డ్రోన్‌ను చూపించింది. అది తనే ఒక వైఫై కేంద్రం, ఫోన్ దానికి నేరుగా తగులుకునేది. వైఫై అంటే ఇంటర్నెట్ అని మనకు అలవాటైపోయింది. నిజానికి వైఫై ఒక రేడియో దారం మాత్రమే, దాని అవతలి కొసన ఇంటర్నెట్ ఉండి తీరాలని లేదు. 2013లో డీజేఐ ఫాంటమ్ వచ్చింది. దానికి రిమోట్, జీపీఎస్, ఇంటికి తిరిగొచ్చే గుణం మూడూ ఉన్నాయి. 2016లో అదే కంపెనీ మావిక్ ప్రోలో వైఫైకి బదులు సొంత రేడియో పద్ధతి వాడింది. ఇలాంటి పద్ధతులతో రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య దూరం కిలోమీటర్లలోకి పెరిగింది.

ఈ రేడియో 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అందరి ఇళ్లలోని వైఫై రూటర్లూ ఇక్కడే ఉంటాయి. కాబట్టి డ్రోన్ ఒకే చోట ఉండకుండా, రద్దీ తక్కువగా ఉన్న చోటు వెతుక్కుంటూ గంతులేస్తుంది. గంతుల ఆలోచనకు ఒక అందమైన పూర్వకథ ఉంది. హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి, శత్రువు అడ్డుపడలేని టార్పెడో నియంత్రణ కోసం 1942లో పేటెంట్ పొందారు. పియానో మెట్ల లెక్కనే 88 పౌనఃపున్యాల మధ్య గెంతాలని అందులో రాశారు. టవర్ లేని కొండల్లో మన కుర్రాడికి అనుకోని లాభమూ ఉంది. అపార్ట్‌మెంట్ల వైఫై గోల అక్కడ ఉండదు కనుక రిమోట్ మాట డ్రోన్‌కు ఇంకా శుభ్రంగా వినబడుతుంది. కొండ మాత్రం అడ్డు రాకూడదు. రేడియో తరంగం రాతిని దాటలేదు.

ఇక స్థలం తెలుసుకోవడం. ఇక్కడే అసలు చిక్కు ఉంది, కాస్త నిలిచి చూడాలి. జీపీఎస్ ఉపగ్రహాలు మనకు 20,200 కిలోమీటర్ల పైన తిరుగుతూ, సుమారు 50 వాట్ల బల్బంత శక్తితో టైము చెబుతూ పోతుంటాయి. డ్రోన్ వింటుంది, తిరిగి ఏమీ పలకదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే చాలు, సంకేతాలు ఎంత ఆలస్యంగా చేరాయో చూసి తానెక్కడున్నదో లెక్కగడుతుంది. ఆలస్యం కొలతలో సెకనులో పది లక్షలవ వంతు తప్పితే జాగా 300 మీటర్లు తప్పుతుంది. ఇంత పనికి నెట్ అక్కరలేదు, డేటా బిల్లు రాదు.

అయితే ఉపగ్రహం నిదానంగా మాట్లాడుతుంది. సెకనుకు 50 బిట్లే పంపుతుంది. తన కక్ష్య వివరాలు చెప్పడానికి దానికి 30 సెకన్లు పడుతుంది, ఉపగ్రహాలన్నిటి పట్టిక చెప్పడానికి 12 నిమిషాలన్నర. మనం బస్సు దిగగానే ఫోన్ దారి చూపిస్తుందంటే ఆ వివరాలను నెట్ నుంచి ముందే తెచ్చుకోవడం వల్ల. టవర్ లేని చోట ఆ సాయం ఉండదు. డ్రోన్ కొత్త ఊరికి చేరాక తీరిగ్గా ఆకాశాన్ని వినాలి. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్కోసారి ఇంకా పడుతుంది. ఆ లోపల తొందరపడి పైకి లేపితే, తాను ఎక్కడినుంచి లేచిందో దానికి తెలియదు. ఆ తర్వాత రిమోట్ సిగ్నల్ తెగిపోతే ఎక్కడికి రావాలి? డ్రోన్లు పోగొట్టుకున్న వాళ్ల కథల్లో ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉందని నా నమ్మకం. తప్పు నెట్ లేకపోవడంలో లేదు, ఆ రెండు నిమిషాలు ఆగకపోవడంలో ఉంది.

ఆకాశం నుంచి టైము చెప్పే ఈ పనిని మన దేశమూ చేస్తోంది. ఇస్రో నావిక్ ఉపగ్రహాల్లో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. వాటి అజమాయిషీ కేంద్రం హొసకోటె నుంచి చూస్తే బెంగళూరుకు అవతలి పక్క, బ్యాలాళు గ్రామంలో ఉంది. తొలి తరం ఉపగ్రహాల్లో కొన్ని దిగుమతి అణుగడియారాలు మొరాయించాయి. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది. అంతే కాదు, సాధారణ రిసీవర్లు సులువుగా పట్టుకోగల ఎల్1 పౌనఃపున్యంలోనూ అది పలుకుతుంది. 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఆ లోటు త్వరగా తీరాలి. మన కొండల్లో ఎగిరే డ్రోన్ మన గడియారాన్ని కూడా వినాలని నాకు గట్టి కోరిక.

నెట్ అసలే అక్కరలేదని కాదు. కొత్త డ్రోన్‌ను మొదటిసారి తెరిచినప్పుడు చాలా కంపెనీలు నెట్‌లో నమోదు అడుగుతాయి. సాఫ్ట్‌వేర్ కొత్తది, నిషేధ ప్రాంతాల పట్టిక, మ్యాప్, వాతావరణం అన్నీ నెట్ మీదుగానే వస్తాయి. కంటిచూపు దాటి పోయే డ్రోన్లది వేరే లోకం. 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో మందులు, టీకాలు డ్రోన్ మీద పంపే పథకం మొదలైంది. అలాంటి ప్రయాణానికి చేతిలోని రిమోట్ చాలదు. భూముల సర్వేలో కూడా అంతే. సెంటీమీటర్ల కచ్చితత్వం కావాలంటే నేల మీద స్థిరంగా పాతిన కేంద్రం నుంచి సవరణలు అందాలి, అవి ఎక్కువగా మొబైల్ డేటా మీదే వస్తాయి. డేటా లేని పల్లెలో డ్రోన్ ఎగురుతున్నప్పుడు సర్వేయర్లు సవరించరు. మొత్తం రికార్డు చేసుకుని ఆఫీసుకొచ్చి కంప్యూటర్లో లెక్క సరిచేస్తారు. పని ఆగదు, ఆలస్యమవుతుంది.

చేలో కూర్చుని కుర్రాడికి ఇంకో సంగతి చెప్పాను. డ్రోన్ తెరమీద చూపే ఎత్తు, అది లేచిన చోటి నుంచి కొలిచింది, దాని కింద ఉన్న నేల నుంచి కాదు. గాలి ఒత్తిడి తగ్గడాన్ని బట్టి ఎత్తు కడుతుంది. కొండ అడుగున నిలబడి 60 మీటర్లకు పెట్టి పైవాలు వైపు పంపితే, అక్కడి చెట్ల కొమ్మలకు తగలొచ్చు. సిగ్నల్ తెగి ఇంటికొచ్చేటప్పుడూ ముందే పెట్టిన ఎత్తుకు లేచి నేరుగా వస్తుంది. ఆ ఎత్తు చుట్టుపక్కల చెట్లకంటే, బండలకంటే ఎక్కువ ఉండాలి. కారు బానెట్ మీద నుంచి లేపొద్దనీ చెప్పాను, ఇనుము దిక్సూచిని తికమక పెడుతుంది.

ఇక చట్టం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం, ముందస్తు అనుమతి అక్కరలేని గ్రీన్ జోన్‌లో సాధారణంగా 400 అడుగుల లోపే ఎగరాలి, విమానాశ్రయాలకు దగ్గరైతే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అడగరు. అయినా ఏ జోన్‌లో ఉన్నామో చూసుకోవలసింది మనమే. దానికి ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ తెరవాలి, అది తెరవాలంటే నెట్ కావాలి. కొండ మీదికి వెళ్లాక తెరుచుకోదు.

అందుకే డ్రోన్ కొన్న ప్రతి తమ్ముడికీ చెల్లెలికీ నా మనవి. సిగ్నల్ ఉన్న ఊళ్లోనే, బయలుదేరడానికి ముందు రాత్రే జోన్ చూసుకోండి, మ్యాప్ దించుకోండి, సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకుని ఒకసారి ఎగరేసి చూడండి. అక్కడికి చేరాక, తాను లేచే చోటును డ్రోన్ గుర్తుపట్టేదాకా నేల మీదే ఉంచండి. బ్యాటరీ 30 శాతానికి రాకముందే దించేయండి.