పాడితే పలికిన మాండొలిన్

గిటారు అనగానే మన మధ్యతరగతి ఇళ్ళలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. పిల్లల ముఖం వికసిస్తుంది, పెద్దల ముఖం ముడుచుకుంటుంది. "అదేం వాద్యం? హాయిగా వీణ నేర్చుకోరాదూ, వయొలిన్ నేర్చుకోరాదూ?" అంటారు పెద్దలు. ఆ వయొలిన్ కూడా ఒకనాడు సముద్రాలు దాటి వచ్చినదేనన్న సంగతి వారికి ఆ క్షణంలో తోచదు. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పరదేశపు వయొలిన్ నేర్చి మన సంగీతంలో ప్రవేశపెట్టారు. తరవాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది ఎంత తెలుగైపోయిందో నేను చెప్పనక్కరలేదు. వాద్యానికి పుట్టిన ఊరు ఉంటుంది గాని కులగోత్రాలుండవు. ఎవరు ఆదరిస్తే వారి ఇంటిబిడ్డ అవుతుంది.

దీనికి మరింత దగ్గరి సాక్ష్యం కావాలంటే పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు వెళ్ళాలి. ఉప్పలపు శ్రీనివాస్ అక్కడ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. లోకం ఆయనను మాండొలిన్ శ్రీనివాస్ అన్నది. ఇంటిపేరు పోయి వాద్యం పేరే ఇంటిపేరు కావడం మామూలు సంగతి కాదు.

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యం. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగెలు. జతలో రెండు తీగెలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. మీటగానే టంగుమని మోగి, అంతలోనే ఆ నాదం ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరం నిలబెట్టాలంటే గబగబా మళ్ళీ మళ్ళీ మీటుతారు. సినిమా పాటల్లో చినుకులు రాలినట్లు వినిపించే మాండొలిన్ అదే. మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం నిలవాలి, ఊగాలి, పై స్వరాన్ని తాకి కిందికి జారాలి. నిలవని నాదంతో, బిగించిన జంట తీగెలతో, చిటికెన వేలంత మెట్లమీద ఇదంతా ఎట్లా సాధ్యం? పెద్దలు కాదన్నారంటే వారిని తప్పు పట్టలేం.

శ్రీనివాస్ వాద్యాన్నే మార్చుకున్నాడు. జతలు తీసేసి ఐదు ఒంటి తీగెలు బిగించాడు. విద్యుత్తు మాండొలిన్ పట్టాడు. నాదం నిలవడం మొదలుపెట్టింది. నిలిచిన నాదాన్ని వేలితో లాగి ఊపాడు, మెట్ల మీదుగా జార్చాడు. పొట్టి మెడగల ఆ చిన్న వాద్యం మీద ఆనందభైరవి పలికిందంటే, అది మాండొలిన్ గొప్ప కాదు. ఆ వేళ్ళకు వెనుకనున్న చెవి గొప్ప. వేగం అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆయన ఆలాపనలో నెమ్మది మెచ్చుకుంటాను. పరుగెత్తగలిగినవాడు నడవడంలో ఒక అందమున్నది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసు సభలో వినిపించాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పధ్నాలుగేళ్ళ పిల్లవాడు, నుదుట విభూతి, చేతిలో ఎర్రని బొమ్మలాంటి వాద్యం, ఎదుట జాజ్ వినడానికి వచ్చిన జర్మన్లు! వారు మరింత వాయించమన్నారే గాని చాలుననలేదు.

జాజ్ అంటే ఏమిటని అడిగే పాఠకులుంటారు. అమెరికాలో నల్లజాతివారి కష్టసుఖాలలోనుంచి పుట్టిన సంగీతమది. ముందు అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు. తరవాత ఒక్కొక్కరూ ఆ వరసను మనసులో పెట్టుకొని అప్పటికప్పుడు కొత్త కల్పనలు చేస్తారు. చివరకు మళ్ళీ అందరూ వరసకు వస్తారు. మన కల్పనస్వరాలు పాడిన గాయకుడు తాళం తప్పకుండా పల్లవి ఎత్తుగడకు రావడం లేదా? దాదాపు అదే. భేదం ఒకటున్నది. మనకు షడ్జమం కదలదు, రాగం మారదు. వారికి అడుగున స్వరగుచ్ఛాలు మారుతూ పోతాయి, వాయించేవాడు వాటి వెంట అడుగు వేయాలి. మనది ఒకే చెరువులో లోతుకు దిగడం. వారిది ఏటి వెంట సాగిపోవడం.

ఆ ఏటి ఒడ్డునుంచి మన చెరువు గట్టుకు వచ్చిన ఘనుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులో డాంకాస్టర్‌లో పుట్టాడు. 1969లో జాజ్ మహావిద్వాంసుడు మైల్స్ డేవిస్ పక్కన గిటారు వాయించి పేరు తెచ్చుకున్నాడు. అంతటివాడు అమెరికాలో మన ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. 1970 దశకం నడుమ ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి 'శక్తి' బృందం నడిపాడు. ఆ బృందం కోసం చేయించుకున్న గిటారుకు మెట్ల మధ్య కొయ్యను గుంటలుగా తొలిపించాడు. తీగెను లాగి గమకం పలికించాలన్న తపన అది. పాలకొల్లు పిల్లవాడు జంట తీగెలు తీసేసినదీ ఇందుకే, డాంకాస్టర్ పెద్దమనిషి కొయ్య తొలిపించినదీ ఇందుకే. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండానే ఒకే వాకిలి తట్టారు.

తరవాత ఇద్దరూ కలిశారు. 'రిమెంబర్ శక్తి' అనే బృందంలో శ్రీనివాస్ మాండొలిన్, మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కపక్కన మోగాయి. ఒకరు నాలుగు ఆవర్తాలు వాయిస్తే మరొకరు నాలుగు. తరవాత రెండు, ఒకటి, అర, చివరకు మాట విడిచి మాట అందుకున్నట్లు. తని ఆవర్తనంలో మృదంగానికీ ఘటానికీ మధ్య నడిచే సంభాషణే ఇది. అందులో ఒకరిని ఒకరు ఓడించాలన్న పంతం వినిపించదు. ఎదుటివాని మాట పూర్తిగా విని, దానికి తగిన బదులు చెప్పడం వినిపిస్తుంది. సభలలో మనం నేర్చుకోదగిన మర్యాద అది!

త్యాగరాజస్వామివారి బంగాళరాగ కృతి 'గిరిరాజసుతా తనయ'ను ఆధారం చేసుకొని శ్రీనివాస్ ఆ బృందం కోసం ఒక రచన చేశాడు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, ఆయన కన్నుమూశాడు. 'శక్తి' బృందం 2023లో వెలువరించిన 'దిస్ మోమెంట్' సంపుటిలో ఆ రచన మళ్ళీ చోటు చేసుకున్నది. అదే సంపుటిలో మొదటి రచనకు 'శ్రీని కల' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఆ సంపుటికి గ్రామీ బహుమానం వచ్చింది. బహుమానం సంగతి పత్రికలు రాశాయి. పోయిన స్నేహితుణ్ణి తొమ్మిదేళ్ళ తరవాత మొదటి పేజీలో నిలుపుకున్న సంగతి నాకు అంతకన్న ముఖ్యంగా తోచింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పిల్లవాడికి చదువు చెప్పినది ఎవరు? రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు. ఆయన గాయకులు. మాండొలిన్ వాయించడం ఆయనకు రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో గురువు చెప్పలేదు, చెప్పలేరు గదా. ఎట్లా పలకాలో మాత్రం పాడి చూపించారు. దారి పిల్లవాడు వెతుక్కున్నాడు. గురువుకు వాద్యం వచ్చివుంటే, వాద్యానికి చేతనైనంతే నేర్పి ఉండేవారేమో! గొంతుకు అటువంటి హద్దు లేదు గనుక మాండొలిన్‌కు కూడా హద్దు లేకపోయింది.

ఈ సంగతి నాకు ఇంత ముఖ్యం కావడానికి కారణం మా ఇంట్లోనే ఉన్నది. మాది జహీరాబాదు దగ్గర చిరాగ్‌పల్లి. అటు అడుగు వేస్తే కన్నడదేశం. సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే బేరంలో వినవచ్చు. కాని గిటారు నేర్పేవారు లేరు. పదో తరగతి చదివే మా అమ్మాయికి గిటారు కొనిపెట్టాము. హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాట. ఫోనులో పాఠాలు చూసి వేళ్ళు పెట్టడం నేర్చుకున్నది. నాలుగు నెలలకు, "వేళ్ళు తిరుగుతున్నయి నాన్నా, పాట మాత్రం వస్తలేదు. అమ్మేద్దాం" అన్నది. మా అమ్మ వెంటనే, "నేను ముందే చెప్పలే? గా కట్టె మనకెందుకు బిడ్డా!" అన్నది.

అమ్మాయి ఏడవలేదు. గిటారును సంచిలో పెట్టి బీరువా మీద పెట్టింది. ఏడిస్తేనే నయమనిపించింది.

నాకు గిటారు రాదు. చిన్నప్పుడు నేర్చిన నాలుగు గీతాలు, రెండు కృతులు గొంతులో మిగిలి ఉన్నాయి. సుబ్బరాజుగారు చేసినదే చేద్దామనుకున్నాను. గిటారు దించి, "నేను పాడతాను, నువ్వు వెతుకు" అన్నాను. మొదటి సాయంత్రం మోహనంలో ఒక ముక్కకు గంట పట్టింది. "ఇది కాదు నాన్నా, ఇంకొంచెం పైన ఉన్నది" అని తానే అంటూ తానే దిద్దుకున్నది. ఫోను ముందు ఆ మాట ఏనాడూ అనలేదు. తప్పు తన చెవికే తెలిసిననాడు చదువు మొదలైనట్లు లెక్క.

తాళానికి మా తెలుగు పాఠమే అక్కరకు వచ్చింది. తకిట అంటే మూడు మాత్రలు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిట తకధిమి ఏడు. హయప్రచార రగడ త్రిశ్రగతి, మధురగతి చతురశ్రం, ద్విరదగతి ఖండం, వృషభగతి మిశ్రం. కళాశాలలో గణాలు కట్టలేని పిల్లలు కూడా చేత్తో తాళం వేస్తూ నోటితో పలికిస్తే గతి పట్టుకుంటారు. మెక్‌లాఫ్లిన్ దొర కూడా 2007లో వినాయక్‌రామ్ గారి కుమారుడు సెల్వగణేశ్‌తో కలిసి డీవీడీ పాఠాలు చేశాడు. అవి గిటారు పాఠాలు కావు, మన కొన్నక్కోల్ పాఠాలు! ఏ వాద్యగాడైనా ముందు నోటితో లయ పలకాలని ఆయన నమ్మకం. పాలకొల్లులో గాయకుడైన గురువు, ఐరోపాలో గిటారు విద్వాంసుడు, ఒకే పాఠం చెబుతున్నారు: చేతికి ముందు నోరు, నోటికి ముందు చెవి.

మా అమ్మాయి శ్రీనివాస్ అవుతుందని నేననడం లేదు. మోహనంలో గీతం ఒకటి తప్పులు లేకుండా వాయిస్తున్నది. మా అమ్మ దగ్గర కూర్చుని, "గిది పాట లెక్కనే ఉన్నది గదా!" అన్నది. ఆమె నోట అంతకన్న పెద్ద బిరుదు రాదు.

నా విన్నపం ఒక్కటే. మీ పిల్లలు గిటారు అడిగితే వెంటనే కాదనకండి. వెంటనే కొనిపెట్టనూ వద్దు. నెలరోజులు సాయంత్రం పూట దీపం పెట్టాక పక్కన కూర్చోబెట్టుకుని పాడించండి. మీకు వచ్చినదే పాడండి, లాలిపాటైనా సరే, అట్లతద్ది పాటైనా సరే. ఆ తరవాత కొన్న వాద్యం బీరువా ఎక్కదు.