నాలుగు డోమ్‌ కెమెరాలకు కంట్రోల్‌ వైరు ఎలా లాగాలి?

డీవీఆర్‌ (రికార్డింగు పెట్టె) దగ్గర్నుంచి ఒక్కో కెమెరాకు విడివిడిగా లాగాలా, ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగాలా?

ఒకదాన్నుంచి ఇంకోదానికే.

అది గద్వాల జిన్నింగ్‌ మిల్లు కావచ్చు, వనపర్తి రైస్‌ మిల్లు కావచ్చు, నాగర్‌కర్నూల్‌ ఫంక్షన్‌ హాలు కావచ్చు. ఒకేసారి వందమంది చేరే చోట కెమెరాలు ఉండాలని, రికార్డింగు 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. ఇలాంటి చోట్ల పాత అనలాగ్‌ డోమ్‌ ఉంటే దాని బొమ్మ కోయాక్సియల్‌ వైరులో వస్తుంది. తిప్పమనే ఆజ్ఞ వేరే జంట వైరులో వెళ్తుంది. 1983 నాటి ఆర్‌ఎస్‌-485 ప్రమాణం ఆ జంట వైరుదే. 1,200 మీటర్ల దాకా వెళ్తుంది, మామూలు లెక్కన 32 పరికరాలు మోస్తుంది.

ఆజ్ఞ అన్ని కెమెరాలకూ చేరుతుంది, తన నంబరు విన్న కెమెరా మాత్రమే కదులుతుంది. కాబట్టి డోమ్‌ లోపలి డిప్‌ స్విచ్‌లతో ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇవ్వాలి. రెండింటికి ఒకే నంబరు పడితే ఒక జాయ్‌స్టిక్‌కు రెండూ తిరుగుతాయి. పెల్కో-డి, పెల్కో-పి వంటి భాషల్లో ఏది వాడుతున్నామో, బాడ్‌ రేటు (ఆజ్ఞ పంపే వేగం) ఎంతో రెండు వైపులా ఒకటే ఉండాలి. పెల్కో-డికి ఎక్కువగా 2400 పెడతారు.

మరి విడివిడిగా లాగితే ఏమవుతుంది? వైరు చివర సిగ్నల్‌కు అడ్డు తగిలి, గట్టును కొట్టిన అలలా వెనక్కి వస్తుంది. దాన్ని మింగేందుకే లైను రెండు చివర్లా 120 ఓంల రెసిస్టర్‌ పెడతారు. నాలుగు వైపులకు నాలుగు కొమ్మలు తీసి, ప్రతి డోమ్‌లోనూ రెసిస్టర్‌ ఆన్‌ చేస్తే నాలుగూ కలిసి 30 ఓంలవుతాయి. లైనులోకి ఆజ్ఞను పంపే ఆర్‌ఎస్‌-485 చిప్పులను 54 ఓంల లోడుకు 1.5 వోల్టు ఇచ్చేలా తయారుచేస్తారు. అంతకంటే తక్కువ ఓంలకు వోల్టేజీ పడిపోతుంది. రెసిస్టర్లు తీసేస్తే కొమ్మల్లో అలలు మిగులుతాయి.

ఆజ్ఞల వేగం తక్కువ కాబట్టి, చిన్న దూరాల్లో కొమ్మలు వేసినా పనిచేస్తుంది. అందుకే ‘మేం ఎప్పుడూ ఇలాగే వేస్తాం’ అనే వైర్‌మన్‌ మాట అబద్ధం కాదు. మిల్లు ఆవరణ పెద్దదై, వైరు త్రీఫేజ్‌ మోటారు కేబుళ్ల పక్కన పోతే తేడా తెలుస్తుంది. జాయ్‌స్టిక్‌ వదిలినా డోమ్‌ తిరుగుతూనే ఉంటే, ‘ఆగు’ అనే ఆజ్ఞ దారిలో పాడైందని ముందు అనుమానించాలి.

మెలిపెట్టిన జంట వైరే వాడాలి. మోటారు అలజడి రెండు తీగలకూ ఒకేలా తగులుతుంది, రిసీవరు రెండింటి తేడానే చదువుతుంది కనుక అది కొట్టుకుపోతుంది. రెండు తీగల బిగింపులకు ఏ, బి అని గుర్తులుంటాయి; ఏ కి ఏ, బి కి బి కలపాలి. కొన్ని కంపెనీల గుర్తులు తారుమారుగా ఉంటాయి, కెమెరా పలకకపోతే తీగలు మార్చి చూడండి. వేరే ట్రాన్స్‌ఫార్మర్‌ కింది భవనానికి వెళ్తుంటే గ్రౌండ్‌ తేడా చిప్పును దెబ్బతీస్తుంది. అక్కడ ఐసోలేటర్, పిడుగుల కోసం సర్జ్‌ ప్రొటెక్టర్‌ పెట్టడం నా దృష్టిలో తప్పనిసరి.

పని అయ్యాక పరికరాలన్నీ ఆపి, మల్టీమీటరు ఏ, బి ల మధ్య పెట్టండి. సుమారు 60 ఓంలు వస్తే రెండు చివర్లా రెసిస్టర్లు సరిగ్గా ఉన్నాయి. 120 వస్తే ఒకటి లేదు. 40 వస్తే మధ్యలో ఎక్కడో డోమ్‌లో మూడోది ఆన్‌లో ఉంది.

భవనాలు నాలుగు దిక్కులా ఉండి ఒకే లైనుగా లాగడం కుదరకపోతే ఆర్‌ఎస్‌-485 డిస్ట్రిబ్యూటర్‌ పెట్టాలి. దాని ప్రతి పోర్టుకూ వేరే డ్రైవరు ఉంటుంది కాబట్టి ప్రతి కొమ్మా విడి లైనే, రెసిస్టర్ల లెక్క ఏ కొమ్మకు ఆ కొమ్మదే. కొత్తగా ఐపీ కెమెరాలు కొంటే ఈ జంట వైరే అక్కర్లేదు. ఆజ్ఞ, బొమ్మ, కెమెరాకు, స్విచ్‌కు ఆ వీలుంటే కరెంటు కూడా ఒకే నెట్‌వర్క్‌ కేబుల్లో వెళ్తాయి, అయితే స్విచ్‌ నుంచి కెమెరాకు 100 మీటర్లు దాటకూడదు.