గుంతల రోడ్డు ఖర్చు: బండి మీద కొంత, గూళ్ల మీద కొంత



ముంగారు వానలు మొదలైతే మన గ్రూపులో రెండు మాటలు వినిపిస్తాయి. తోటలో ఆకు బాగా వచ్చిందనేది ఒకటి, రోడ్డు పోయిందనేది ఇంకొకటి. ఆకు గురించి మన పత్రికలో చాలా సార్లు రాసుకున్నాము. ఈసారి రోడ్డు గురించి రాస్తున్నాము. ఎందుకంటే గుంతల రోడ్డు వల్ల అయ్యే ఖర్చు మన పంట లెక్కల పుస్తకంలో ఎక్కడా కనబడదు. మందుకు, ఎరువుకు, కూలికి, చాకీకి అన్నిటికీ లెక్క ఉంటాది. దీనికి మాత్రం ఉండదు.

మేముండేది చింతామణి, శిడ్లఘట్ట మధ్య పల్లెల్లో. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు 4 కిలోమీటర్లు. ఎండాకాలంలో పది నిమిషాల్లో పోతాము, వానాకాలంలో అరగంట పడుతుంది. ఊరంతటికీ గూళ్లు మోసే గూడ్స్ టెంపో ఒకటే ఉంది. ఆ తమ్ముడు అప్పు చేసి కొన్న బండి, నెల నెలా కంతు కట్టాల. పోయిన వానాకాలంలో ముందు టైరు రెండు సార్లు పోయింది, వెనక స్ప్రింగు బ్లేడు ఒకటి విరిగింది. "ఈసారి బాడిగ పెంచితేనే వానల్లో ఊర్లోకి తోలతా, లేకుంటే గూళ్లు మెయిన్ రోడ్డు కాడికి మీరే తెచ్చుకోండి" అంటున్నాడు. ఆయన్ని తప్పు పట్టేదానికి లేదు. బాడిగలో మిగిలేది గ్యారేజీకే పోతే కంతు ఎట్ల కడతాడు? చాకీ తెచ్చే బండి కూడా వాన పడితే మెయిన్ రోడ్డు కాడే ఆగిపోతుంది. రెండో జ్వరం లేచిన పురుగుల్ని ట్రేలతో సహా బైకుల మీద పెట్టుకొని ఊర్లోకి తెస్తున్నాము.

గూళ్లకు ఏమవుతుంది?

పండు పురుగును చంద్రిక మీద వేసినాక గూడు కట్టేదానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత లోపల పురుగు ప్యూపాగా మారుతుంది. కొత్త ప్యూపా చర్మం చాలా మెత్తగా ఉంటుంది, కాస్త దెబ్బ తగిలినా చితికిపోతుంది. చితికితే దాని రసం గూడు లోపలి గోడకు అంటి మరక పడుతుంది. పైకి గూడు తెల్లగానే కనబడుతుంది. మార్కెట్లో రీలరు గుప్పెడు గూళ్లు తీసి చెవి కాడ ఆడించి చూస్తాడు, ఒకటి రెండు కోసి కూడా చూస్తాడు. లోపల మరక కనబడిందంటే రేటు ఆడనే తగ్గిపోతుంది. మరక గూళ్లలో దారం సరిగా రాదు, తెగుతుంది, రంగు కూడా పాడవుతుంది. రీలరు నష్టం ఆయన చూసుకుంటాడు కదా.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. 70 కిలోల లాటుకు కిలో మీద 30 రూపాయలు తగ్గితే పంటకు 2,100 రూపాయలు పోయినట్టు. ఏడాదికి 6 పంటలు తీసే ఇంట్లో అన్నిసార్లూ అట్లే తగ్గితే 12,600. ఈ డబ్బు గుంతలో పడిందని ఎవరూ అనుకోరు. "ఈసారి రేటు రాలేదు" అని ఊరుకుంటాము.

అందుకే రోడ్డు బాగలేని ఊర్లలో గూళ్లు విడిపించే రోజును గట్టిగా పాటించాల. సి.బి. గూళ్లయితే 5, 6వ రోజు, బైవోల్టిన్ అయితే 7, 8వ రోజు. ప్యూపా గట్టిపడి ముదురు రంగుకు తిరిగినాకే కదిలించాల. అట్లని ఆలస్యం చేసేదానికీ లేదు, 10 రోజులు దాటితే చిమ్మట బయటికి వచ్చే భయం ఉంది. మధ్యలో మనకు దొరికేది రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో వాన పడి రోడ్డు తెగిందంటే ఏమి చేయాలో ముందే అనుకొని పెట్టుకోవాల.

గూళ్లను సంచిలో కుక్కి నింపవద్దు. లోపల ప్యూపా ప్రాణంతో ఉంటుంది, గాలి పీలుస్తుంది, వేడి, తేమ వదులుతుంది. కుక్కిన సంచి గుంతల్లో ఎగిరి పడితే అడుగున ఉన్న గూళ్లు నలిగిపోతాయి. గాలాడే ప్లాస్టిక్ క్రేట్లలో పలుచగా పోసుకుంటే అన్నిటికన్నా మేలు. క్రేట్లు లేకుంటే వల సంచుల్లో సగానికి కొంచెం పైన నింపి, సంచి మీద సంచి వేయకుండా పరచాల. బండి అడుగున వరిగడ్డి వేస్తే అదురు కొంత తగ్గుతుంది. తెల్లవారుజామున చల్లపూట బయలుదేరాల.

బండికి ఏమవుతుంది?

గుంత అంచుకు టైరు తగిలినప్పుడు రబ్బరు ఆ అంచుకూ రిమ్ముకూ మధ్య నలుగుతుంది. లోపలి దారాలు తెగితే టైరు పక్కన బుడ్డ మాదిరి ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుతో లోడు తోలరాదు, ఎప్పుడైనా పగలొచ్చు. గాలి తక్కువున్న టైరుకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. లోడు ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాల్నో చాలా బండ్లకు డ్రైవరు డోరు కాడ స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాల.

తక్కిన గుర్తులు ఇవి. స్టీరింగు వదిలితే బండి ఒక పక్కకు లాగుతుందంటే అలైన్‌మెంట్ పోయినట్టు. టైరు ఒక అంచునే అరుగుతున్నా అదే అనుమానం. ఒక వేగం దాటితే స్టీరింగు వణుకుతుందంటే రిమ్ము వంగిందేమో, బ్యాలెన్సు తప్పిందేమో చూపించాల. షాకబ్జరు మీద నూనె చెమ్మ కనబడితే అది పని చేయడం తగ్గింది. ముందు చక్రాల కాడ టక్ టక్ అని శబ్దం వస్తే బుష్షులు, బాల్ జాయింట్లు చూపించాల. చిన్నదని వదిలేస్తే 300 రూపాయల పని 3,000కు పోతుంది.

తోలేటప్పుడు ఒకటి గుర్తు పెట్టుకోవాల. బ్రేకు గుంతకు ముందే వేయాల, గుంతలోకి చక్రం దిగేటప్పుడు వదిలేయాల. బ్రేకు పట్టుకొనే దిగితే బండి బరువంతా ముందుకు వంగి దెబ్బంతా ముందు చక్రాల మీదనే పడుతుంది. నీళ్లు నిండిన గుంత ఎంత లోతుందో తెలియదు కాబట్టి నడక వేగంతో పోవాల. గుంత తప్పించేదానికి ఉన్నట్టుండి పక్కకు కోయవద్దు, వెనక బైకు మీద పిల్లలు వస్తుంటారు.

ఇన్సూరెన్సు వస్తుందా?

థర్డ్ పార్టీ మాత్రమే కట్టి ఉంటే మన బండి దెబ్బకు ఏమీ రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే యాక్సిడెంటు మాదిరి తగిలిన దెబ్బకు అడగొచ్చు. అరుగుదలకు ఇవ్వరు. టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో రాదు. టైరుతో పాటు బండికీ దెబ్బ తగిలితే టైరు ఖర్చులో సగం వరకు రావచ్చు, అది పాలసీని బట్టి ఉంటుంది. గ్యారేజీలో విప్పక ముందే ఫోటోలు తీసి కంపెనీకి చెప్పాల. చిన్న ఖర్చుకు క్లెయిమ్ చేస్తే మరుసటేడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది, రెండూ పోల్చుకొని అడగాల.

రోడ్డు ఎవరిది, ఎవరిని అడగాల?

తారు రోడ్డుకు పెద్ద శత్రువు నీళ్లు. చిన్న పగులులో నీళ్లు దిగితే కింది మట్టి మెత్తబడుతుంది. బండ్లు పోయే కొద్దీ ఆ మట్టి కదిలి, పైన తారు కుంగి గుంత అవుతుంది. పక్క కాలువ పూడిపోయిన కాడ, పైపు కోసం రోడ్డు అడ్డంగా కోసి మట్టితో పూడ్చిన కాడ, ట్రాక్టరు ఇనుప చక్రాలతో నడిచిన కాడ ముందు పోతుంది. గుంతలో ఉత్త మట్టి వేస్తే ఒక వానకే కొట్టుకుపోతుంది. నీళ్లు తోడేసి, జల్లి, గ్రావెలు పొరలు పొరలుగా వేసి దిమ్మిస్తే కొన్నాళ్లు నిలబడుతుంది. అన్నిటికన్నా ముందు పక్క కాలువ తీయాల.

రోడ్డు మొదట్లో బోర్డు ఉందేమో చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే, వేసిన తర్వాత 5 ఏండ్లు బాగు చేసే బాధ్యత కాంట్రాక్టరుదే. ఫోటో తీసి 'మేరీ సడక్' యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నేషనల్ హైవే అయితే 1033కు ఫోన్ చేయొచ్చు. తక్కిన రోడ్లు ఏ శాఖవో పంచాయతీలో అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అర్జీ పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. రోడ్డు కట్టడంలో, నిర్వహణలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసేదానికి మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ 2019లో వచ్చింది. అర్జీలో ఈ మాట కూడా రాయండి.

మా రోడ్డు కోసం రెండేళ్లుగా అర్జీలు ఇస్తున్నాము. "రోడ్డు బాగలేదు సార్" అని రాసినన్ని రోజులు ఎవరూ కదల్లేదు. ఈసారి పద్ధతి మార్చినాము. ఏ గుంత ఏ మైలు కాడ ఉంది, ఎంత లోతు, ఏ తేదీన ఎవరి టైరు పోయింది, చాకీ బండి ఎన్ని సార్లు వెనక్కి పోయింది అని ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాము. గ్యారేజీ బిల్లులు దానికే అంటిస్తున్నాము. గ్రామసభలో ఆ పుస్తకం చదివిన రోజు, నాలుగేండ్లుగా పూడిపోయి ఉన్న కాలువ తీయించేదానికి తీర్మానం రాసినారు. తారు ఇంకా రాలేదు. కాలువ పని మాత్రం మొదలైంది. టెంపో తమ్ముడితో కూడా మాట్లాడినాము. వానాకాలం నాలుగు నెలలు లాటుకు కొంత బాడిగ ఎక్కువ ఇస్తాము, ఆయన ఊర్లోకే వస్తాడు. ఆ ఎక్కువ బాడిగ కూడా పుస్తకంలో రోడ్డు ఖర్చు కిందనే రాస్తున్నాము.

హోసూరు, క్రిష్ణగిరి వైపు ఉన్నవాళ్లు, జాల్నా మార్కెట్టుకు దూరం నుంచి పోయేవాళ్లు మీ రోడ్డు సంగతి వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. ఈ పంట నుంచి ప్రతి ఇంట్లో లెక్కల పుస్తకంలో 'రోడ్డు' అని ఒక గీత గీయండి. టైరు, గ్యారేజీ, ఎక్కువ బాడిగ, తగ్గిన రేటు అన్నీ దాని కింద రాయండి. అడిగేదానికి పోయినప్పుడు చేతిలో ఆ కాగితం ఉండాల.