కొడవలి పట్టిన యార్క్‌షైర్ తల్లి

1831వ సంవత్సరం చివర, చలి ముదురుతున్న వేళ, ఇల్లినాయ్ నదీతీరాన ఒక ఆంగ్ల కుటుంబాన్ని, వారి పెట్టెలను దింపి స్టీమరు చీకట్లోకి సాగిపోయింది. కనుచూపు మేరలో ఇల్లు లేదు. భర్త జాన్ ఆశ్రయం వెదుకుతూ అడవిలోకి నడిచాడు. ఐదుగురు పిల్లలను దగ్గరకు తీసుకొని రెబెక్కా బర్లెండ్ ఒడ్డునే కూర్చున్నది.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వారు కౌలు రైతులు. ధాన్యపు ధరలు పడిపోయినా కౌలు భారం తగ్గలేదు. అమెరికా చేరిన పరిచయస్తుడొకడు అక్కడి సమృద్ధిని వర్ణిస్తూ ఉత్తరాలు వ్రాశాడు. వాటిని నమ్మి లివర్‌పూల్‌లో ఓడ ఎక్కారు. న్యూ ఆర్లీన్స్ చేరి, మిసిసిపీ నదిపై ఎదురేగి, పైక్ కౌంటీకి వచ్చారు. తీరా చూస్తే ఆ పరిచయస్తుని బ్రతుకే అంతంత మాత్రం!

అప్పటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూమి ఎకరం ఒకటింబావు డాలరు. ఎనభై ఎకరాలకు నూరు డాలర్లు చెల్లించాక చేతిలో మిగిలింది స్వల్పం. దుంగల గుడిసె, మొక్కజొన్న రొట్టె, మేపుల్ చెట్ల రసం కాచి తీసిన చక్కెర: ఇదీ ఆనాటి వారి సంసారం.

మరుసటి వేసవిలో గోధుమ పండింది. ఆ పంటే వారి సర్వస్వం. సరిగా అప్పుడే కొడవలి తెగి జాన్ మోకాలికి తీవ్రమైన గాయమైంది. కూలికి మనిషిని పిలిచే స్తోమత లేదు. పక్వమైన గింజ రాలిపోతే ఏడాదంతా పస్తులే. రెబెక్కా స్వయంగా కొడవలి పట్టింది. చిన్నవాడైన కుమారుణ్ణి తోడు చేసుకొని, మూడెకరాల పైరు కోసి, మోసి, కుప్ప వేసింది. ఆ గింజలే కుటుంబాన్ని నిలబెట్టాయి. తరువాతి సంవత్సరాలలో భూమి పెరిగింది, పశుసంపద వృద్ధి పొందింది.

కాని ఒక వెలితి మాత్రం మిగిలింది. పెద్ద కుమారుడు ఎడ్వర్డ్ ఇంగ్లండులోనే ఉండిపోయి ఉపాధ్యాయుడయ్యాడు. పదిహేనేళ్ళ తరువాత, 1846లో, ఆ తల్లి సముద్రం దాటి వచ్చి అతణ్ణి చూసింది. ఆమె చెప్పగా అతడు వ్రాసిన అనుభవాలు 1848లో చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. వలస పోదలచినవారికి ఆశలు కల్పించక, నిరుత్సాహపరచక, ఉన్నది ఉన్నట్లు చెప్పడమే దాని ఉద్దేశం. తాము నమ్మి వచ్చిన ఉత్తరాలలో లోపించినది సరిగా అదే.

రెబెక్కా తిరిగి ఇల్లినాయ్‌కే వెళ్ళి, 1872లో కన్నుమూసింది. రాజుల చరిత్రలు వ్రాయడానికి ఆస్థానాలున్నాయి. ఈ రైతు స్త్రీ చరిత్రను మనకు మిగిల్చింది మాత్రం, పదిహేనేళ్ళ ఎడబాటు తరువాత తల్లి మాటలను శ్రద్ధగా విన్న ఒక కుమారుడు.