ఎర్రగా కాలినా సాగని లోహం
జెట్ ఇంజనులో గిరగిర తిరిగే టర్బయిన్ బ్లేడు, సుమారు 1,000 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో, అపకేంద్రబలంచే లాగబడి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. దీనినే క్రీప్ అంటారు. సాగిన కొన చుట్టూ ఉన్న తొడుగును రాచుకొన్నదా, ప్రమాదమే!

మామూలు లోహం అనేక రేణువుల కూర్పు. వేడికి ఆ రేణువుల సరిహద్దులే ముందు జారి చీలుతాయి. అందుచేత బ్లేడునంతా ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల 2021లో ఇట్టి బ్లేడులు 60 హెలికాప్టరు ఇంజనుకై అందజేసింది.

హద్దులు పోతే పని తీరినట్లేనా? తీరదు. పరమాణువుల వరుస తప్పిన రేఖలు స్ఫటికంలో కదలడంవల్ల కూడ లోహం సాగుతుంది. నికెల్, అల్యూమినియంల ఘనాలు, ఒక్కొక్కటి దాదాపు అర మైక్రాను, నూటికి 70 పాళ్ల వరకు గోడలో ఇటుకలవలె నిండి వాటిని అడ్డగిస్తాయి. ఇక రేఖలకు మిగిలిన దారి ఇటుకల నడుమ సన్నని సందులే. కాని ఎక్కువ వేడిలో దీర్ఘకాలం లాగితే ఘనాలు ఒకదానితో ఒకటి కలిసి, లాగుడుకు అడ్డంగా పలకలు కడతాయి. ఈ పలకలు తొలుత కొంత ఆటంకమైనా, దళసరి అయినకొద్దీ సందులు వెడల్పై సాగుడు హెచ్చుతుంది.